జీతాల కోత, పెట్రోలు మోత: మాంద్యంలో భారం ఎవరి మీద వేయాలి?

కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతాల్లో 75 శాతం కోత. ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 60 శాతం. మిగతా ఉద్యోగులకు సగం. నాలుగో తరగతి సిబ్బందికి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం. పింఛనుదారులకూ సగమే చేతికొచ్చింది. మర్నాడు ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. కాకపోతే దాన్ని వాయిదా అంది. ఐదు వారాల తర్వాత, మే 5 రాత్రి, కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు పన్ను పెంచింది. అదే వారంలో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెరిగాయి.

మొదటిది ఖర్చు తగ్గించుకునే పద్ధతి, రెండోది రాబడి పెంచుకునే పద్ధతి. మాంద్యం వచ్చినప్పుడల్లా, ఏ దేశంలోనైనా, ఈ రెండింటిలో ఏది మేలన్న వాదన మొదలవుతుంది. పన్నులు పెంచితే వ్యాపారాలు మునుగుతాయని ఒక వర్గం అంటుంది, ఖర్చులు కోస్తే పేదవాళ్లు మునుగుతారని ఇంకో వర్గం అంటుంది. 2020లో మన రెండు రాష్ట్రాల్లో ఈ రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి, ఈ చిక్కుముడి విప్పడానికి ఆ ఏడాదే తగిన ఉదాహరణ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పన్నా, కోతా అన్నది తర్వాత తేల్చుకోవాల్సిన విషయం. ఆ రూపాయి ఎవరి జేబులోంచి పోతోంది, వాళ్ల దగ్గరే ఉంటే ఏమయ్యేది అన్నది ముందు అడగాలి. ఆ మాట అడగకుండానే 2020లో చాలా నిర్ణయాలు జరిగిపోయాయి.

ఇంటి లెక్క ఎక్కడ తప్పుతుంది

ఆదాయం పడిపోతే ఇంట్లో ఖర్చు తగ్గించుకుంటాం కదా, ప్రభుత్వం కూడా అంతే అని చాలామంది అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక ఇంట్లో ఏడాది పాటు పట్టుచీరలు కొనడం మానేస్తే ఆ ఇంటికి డబ్బు మిగులుతుంది. ఊళ్లో అందరూ ఒకేసారి మానేస్తే బట్టల కొట్టులో పనివాళ్లను తీసేస్తారు, పోచంపల్లిలోనో ధర్మవరంలోనో మగ్గం ఆగుతుంది, ఆ నేతకారుడు కిరాణా కొట్లో అరువు పెడతాడు. ఒకరి ఖర్చే ఇంకొకరి రాబడి. అందరూ ఒకేసారి చేతులు ముడుచుకుంటేనే దాన్ని మాంద్యం అంటాం. అప్పుడు ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకుంటే అమ్మకాలు ఇంకా పడిపోతాయి, వాటితో పాటు పన్ను వసూళ్లూ పడిపోతాయి. లోటు పూడ్చడానికి పెట్టిన కోత మళ్లీ కొత్త లోటు తెస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో గ్రీసు చూసింది. 2010 నుంచి, అప్పులిచ్చిన సంస్థలు పెట్టిన షరతుల ప్రకారం, ఆ దేశం జీతాలు, పింఛన్లు కోసింది, అమ్మకాలపై పన్ను కూడా పెంచింది. కొన్నేళ్లలో దాని ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోయింది. అప్పు తగ్గించుకోవడానికే ఇదంతా చేస్తే, జీడీపీలో (దేశంలో ఏడాదిలో జరిగే మొత్తం ఉత్పత్తి విలువలో) అప్పు వాటా తగ్గకపోగా పెరిగింది. ఆ షరతులు పెట్టిన సంస్థల్లో ఒకటైన ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి)లోనే అప్పటి ముఖ్య ఆర్థికవేత్త ఒలివియర్ బ్లాంచార్డ్, డేనియల్ లీ అనే సహచరుడితో కలిసి తమ అంచనాలు ఎక్కడ తప్పాయో లెక్కగట్టారు. లోటును ఒక యూరో తగ్గిస్తే ఉత్పత్తి సుమారు అర యూరో తగ్గుతుందనుకున్నారు. వాస్తవంలో 90 సెంట్ల నుంచి యూరో 70 సెంట్ల దాకా తగ్గి ఉంటుందని తేలింది. అంత పెద్ద సంస్థ తన తప్పును తానే లెక్కగట్టి బయటపెట్టడం మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ అప్పటికే గ్రీసులో యువతలో సగానికి పైగా నిరుద్యోగులు.

ఏ కోత, ఏ పన్ను

కోత అనే ఒక్క మాట కింద చాలా రకాలు దాక్కుంటాయి. ప్రభుత్వ రాబడి, ఖర్చులను అధ్యయనం చేసే ఢిల్లీలోని ఎన్‌ఐపీఎఫ్‌పీ సంస్థలో సుకన్య బోస్, ఎన్.ఆర్. భానుమూర్తి మన దేశానికి వేసిన లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. రోడ్లు, కాలువలు, భవనాల వంటి పెట్టుబడి వ్యయంలో ప్రభుత్వం ఒక రూపాయి పెడితే జీడీపీ 2 రూపాయల 45 పైసలు పెరుగుతుంది. పింఛన్లు, నగదు బదిలీల వంటి వాటికి ఇస్తే 98 పైసలు. మిగతా రోజువారీ ఖర్చుకైతే 99 పైసలు. ఒక రూపాయి పన్ను పెంచితే సుమారు ఒక రూపాయి తగ్గుతుంది.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే వాదన రూపమే మారిపోతుంది. జీతం కోసినా, పన్ను పెంచినా నష్టం దాదాపు ఒకటే. సగంలో ఉన్న సాగునీటి కాలువ పని ఆపితే మాత్రం అంతకు రెండున్నర రెట్లు నష్టం. అయినా మాంద్యంలో ముందుగా ఆగేది ఆ కాలువే. కారణం అందరికీ తెలిసిందే. జీతం ఆగితే ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కుతాయి, పింఛను ఆగితే ఓట్లు పోతాయి, కాలువ ఆగితే కాంట్రాక్టరు ఒక్కడే ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

ఎదుటి పక్షం దగ్గరా గట్టి ఆధారాలున్నాయి. ఇటలీకి చెందిన ఆర్థికవేత్త అల్బెర్టో అలెసినా తన సహచరులతో కలిసి సంపన్న దేశాల దశాబ్దాల చరిత్ర పరిశీలించి, లోటు తగ్గించుకోవడానికి పన్నులు పెంచిన దేశాల కంటే ఖర్చులు తగ్గించిన దేశాలే తక్కువ దెబ్బతో బయటపడ్డాయని చెప్పారు. వాళ్ల తర్కం కొట్టిపారేయదగ్గది కాదు. పన్ను పెరిగితే వ్యాపారి రేపటి లాభం మీద నమ్మకం పోగొట్టుకుని పెట్టుబడి ఆపేస్తాడు. ఖర్చు తగ్గితే ముందు ముందు పన్నులు పెరగవన్న ధీమా వస్తుంది.

అయితే ఈ ధీమా ఒక్కటే సరిపోదు. వడ్డీ రేట్లు తగ్గించడానికి వీలుండాలి, పక్క దేశాలు మన సరుకు కొనే స్థితిలో ఉండాలి. 2020లో ప్రపంచమంతా ఒకేసారి మూతపడింది. కొనేవాళ్లే లేనప్పుడు, రేపు పన్ను పెరగదన్న భరోసాతో కొత్త ఫ్యాక్టరీ ఎవరూ కట్టరు. అందుకే అలెసినా లెక్కను కాస్త బాగున్న రోజులకు వర్తించే లెక్కగానే నేను చూస్తాను.

పెట్రోలు బంకు దగ్గర కట్టిన పన్ను

ఇక కేంద్రం ఎంచుకున్న దారి చూద్దాం. 2020 మార్చికి ముందు లీటరు పెట్రోలుపై కేంద్ర పన్ను 19 రూపాయల 98 పైసలు. మార్చిలో 3 రూపాయలు, మేలో 10 రూపాయలు పెరిగి 32 రూపాయల 98 పైసలకు చేరింది. డీజిల్‌పై 15 రూపాయల 83 పైసలు ఉన్నది 31 రూపాయల 83 పైసలైంది, అంటే రెట్టింపు.

పెంచిన రోజున బంకులో ధర మారలేదు. ముడిచమురు ధర నేలకు దిగింది కాబట్టి, జనానికి తగ్గాల్సిన ధర తగ్గకుండా ఆ తేడాను కేంద్రం తీసుకుంది. ఆ ఒక్క నెల వరకు చూస్తే తెలివైన పనే. లాక్‌డౌన్‌లో బండి బయటకు తీసేవాళ్లే లేరు, ధర తగ్గినా కొనుగోళ్లు పెరిగేవి కావు. చిక్కంతా తర్వాత వచ్చింది. ముడిచమురు ధర మళ్లీ ఎక్కడం మొదలైంది, పన్ను మాత్రం దిగలేదు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు 100 రూపాయలు దాటింది. కేంద్రం మొదటిసారి తగ్గించింది ఆ ఏడాది నవంబరులో. ఆంధ్రప్రదేశ్ తన వంతుగా పెట్రోలుపై 31 శాతం వ్యాట్‌కు (రాష్ట్రం వేసే అమ్మకపు పన్నుకు) తోడు లీటరుకు 4 రూపాయలు, 2020 సెప్టెంబరులో ఇంకో రూపాయి రోడ్డు సెస్సు వేసింది.

వచ్చిన డబ్బు చిన్నది కాదు. పెట్రోలియం మీద కేంద్రం వేసే ఈ పన్ను (ఎక్సైజ్) వసూళ్లు 2019-20లో 2.23 లక్షల కోట్లు. వాడకం తగ్గిన 2020-21లో 3.73 లక్షల కోట్లు. అదే కాలంలో కార్పొరేట్ పన్ను వసూళ్లు 5.57 లక్షల కోట్ల నుంచి దాదాపు లక్ష కోట్లు తగ్గాయి. ఆ తగ్గుదలలో మాంద్యం వాటా ఎంతైనా ఉంది. కానీ 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను రేటును 30 శాతం నుంచి 22 శాతానికి దించినప్పుడు, ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది. తోపుడుబండికి సరుకు తెచ్చే ఆటో డ్రైవరు, ట్రాక్టరు కిరాయి కట్టే కౌలు రైతు, పార్శిళ్లు మోసే డెలివరీ కుర్రాడు ఆ ఖాళీని లీటరు లీటరుగా పూడ్చారు. వాళ్ల చేతిలో మిగిలే ప్రతి రూపాయీ ఆ వారంలోనే ఊళ్లో ఖర్చయ్యే రూపాయి. మాంద్యంలో ముట్టుకోకూడనిది సరిగ్గా ఆ రూపాయినే.

దీనికి ఎదురుగా ఒక ప్రతిపాదన వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుమారు 50 మంది ఆదాయపు పన్ను అధికారులు ఒక నివేదిక రాశారు. ఏడాదికి కోటి రూపాయలు దాటిన ఆదాయంపై 40 శాతం పన్ను, లేదా 5 కోట్లకు పైన సంపద ఉన్నవాళ్లపై సంపద పన్ను, అది కూడా కొద్ది నెలల పాటు వేయమన్నారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ నివేదికతో తనకు సంబంధం లేదంది, ముగ్గురు సీనియర్ అధికారుల మీద చర్యలు మొదలుపెట్టింది. ఒక విషయం ఇక్కడ చెప్పాలి. 5 కోట్లు దాటిన ఆదాయంపై అప్పటికే సర్‌చార్జీతో కలిపి దాదాపు 43 శాతం పన్ను ఉంది, కాబట్టి పెద్దవాళ్ల మీద పన్నే లేదనడం సరికాదు. అయినా అధికారుల ఆలోచనలో ఆర్థిక తర్కం ఉంది. ఆ ఏడాది కుటుంబాల ఆర్థిక పొదుపు జీడీపీలో 11 శాతం దాటింది. ఉద్యోగం పోని వాళ్లు, వ్యాపారం దెబ్బతినని వాళ్లు ఖర్చుపెట్టే చోటు లేక బ్యాంకుల్లో, షేర్లలో దాచుకున్నారు. కదలకుండా పడి ఉన్న ఆ డబ్బులో కొంత తీసుకుని కూలి పోయినవాడి చేతిలో పెడితే, అది మర్నాడే బజారుకొస్తుంది. కనీసం ఆ చర్చైనా జరగాల్సింది. జరగలేదు.

రాష్ట్రాల చేతులు ఎందుకు కట్టేసి ఉంటాయి

కేంద్రానికి కనీసం ఎంచుకునే వీలుంది, రాష్ట్రాలకు అదీ లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా రేటు పెంచుకోగల పన్నులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాలు, కరెంటు, అంతే. అందుకే గడ్డుకాలంలో ఏ పార్టీ ప్రభుత్వమైనా బంకు వైపు, వైన్‌షాపు వైపు చూస్తుంది. తెలంగాణ 2021 జులైలో స్థిరాస్తి రిజిస్ట్రేషన్ చార్జీలను 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచింది, భూముల మార్కెట్ విలువలూ పెంచింది. అదే నెలలో కోకాపేటలో 50 ఎకరాల లోపు భూమిని వేలం వేసి 2 వేల కోట్లు తెచ్చుకుంది. పన్ను వేయకుండా, ఖర్చు కోయకుండా ఉండే మూడో దారి అది. భూమి ఒక్కసారే అమ్ముడుపోతుంది కాబట్టి దాని మీద ఎన్నేళ్లో బతకలేం.

అప్పు సంగతి ఇంకా కష్టం. కేంద్రానికి బాకీ ఉన్నంత కాలం రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. మామూలుగా రాష్ట్ర జీడీపీలో 3 శాతం హద్దు. 2020 మేలో దాన్ని 5 శాతానికి పెంచారు గానీ, అదనపు 2 శాతంలో అర శాతానికే షరతు లేదు. మిగతాది రేషన్ కార్డులు, వ్యాపార అనుమతులు, పట్టణ సంస్థలు, కరెంటు రంగంలో సంస్కరణలకు ముడిపెట్టారు. పట్టణ సంస్కరణ అంటే ఆస్తిపన్నును రిజిస్ట్రేషన్ విలువకు తగ్గట్టు మార్చడం, నీటికి, మురుగుకు చార్జీలు సవరించడం. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాది నవంబరులో చట్టం మార్చి, ఇంటి పన్నును మూలధన విలువకు, అంటే ఆ ఆస్తి ధరకు, ముడిపెట్టింది. కరెంటు సంస్కరణతో ముందుకొచ్చిన వ్యవసాయ మోటార్లకు మీటర్ల విషయంలో తెలంగాణ ససేమిరా అంది. అప్పు తెచ్చుకుని మాంద్యం గట్టెక్కడానికి ఇచ్చిన వెసులుబాటులోనే రేపటి పన్ను పెంపు దాగి ఉందన్నమాట. ఆ సంస్కరణలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్లకు షరతులు పెట్టడం మాత్రం సరి కాదు.

జీఎస్టీ పరిహారం దగ్గరా ఇదే కథ. జీఎస్టీలో కలిసిన రాష్ట్రాల పన్ను రాబడి ఏటా 14 శాతం పెరగకపోతే ఆ తేడా ఇస్తానని ఐదేళ్లు హామీ ఇచ్చిన కేంద్రం, 2020 ఆగస్టులో లోటు 2.35 లక్షల కోట్లని అంచనా వేసి, రాష్ట్రాలనే అప్పు చేసుకోమంది. గొడవ జరిగి, అక్టోబరులో 1.1 లక్షల కోట్లు తానే తెచ్చి ఇవ్వడానికి ఒప్పుకునేసరికి ఆర్థిక సంవత్సరంలో సగం గడిచిపోయింది. ఆ జులై-సెప్టెంబరు త్రైమాసికపు తొలి అంచనాలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. దేశ జీడీపీ 7.5 శాతం తగ్గింది, ప్రభుత్వ వినియోగ వ్యయం 22 శాతం తగ్గింది. జనం కంటే ప్రభుత్వాలే గట్టిగా చేతులు ముడుచుకున్నాయి.

ఇలా ఇరుక్కున్న రాష్ట్రం ఏం చేస్తుందో ట్రెజరీ గడప తొక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కోత అని ప్రకటించదు, బిల్లులు పెండింగ్ పెడుతుంది. బడ్జెట్‌లో నిధులుంటాయి, జీవో ఉంటుంది, టోకెన్ నంబరు కూడా వస్తుంది, డబ్బు రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు, సర్పంచులు అప్పు తెచ్చి చేయించిన పనులు, ఉద్యోగుల మెడికల్ బిల్లులు అన్నీ ఈ వరుసలోనే నిలబడతాయి. కోతల్లో అన్నిటికన్నా చెడ్డది ఇదేనని నా నమ్మకం. చట్టసభలో చర్చ ఉండదు, ఎవరికి ఎంత ఆగిందో జనానికి తెలియదు, పలుకుబడి ఉన్నవాడి బిల్లు ముందు కదులుతుంది. ప్రభుత్వం కట్టాల్సిన వడ్డీని ఊళ్లో వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయలకు తెచ్చుకున్న చిన్న కాంట్రాక్టరు కడతాడు.

బాహాటంగా చేసిన కోతకు కనీసం కోర్టులో జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆపిన జీతాలు, పింఛన్లు 12 శాతం వడ్డీతో చెల్లించాలని 2020 ఆగస్టులో హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం వడ్డీ మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, 2021 ఫిబ్రవరిలో దాన్ని 6 శాతానికి తగ్గించారు, వడ్డీ మాత్రం తప్పలేదు. తెలంగాణ 2020 జూన్‌లో, విపత్తు సమయంలో జీతాల్లో, పింఛన్లలో సగం దాకా వాయిదా వేసే అధికారం ఇస్తూ ఆర్డినెన్సే తెచ్చింది. ఆపిన డబ్బు తర్వాత వాయిదాల్లో ఇచ్చింది.

ఆ కోతను నేను పూర్తిగా తప్పుపట్టను. పై స్థాయి అధికారికి 60 శాతం, స్వీపరుకు 10 శాతం అనే మెట్లలో న్యాయం ఉంది. అదే వారాల్లో తెలంగాణ రేషన్ కార్డు ఉన్న ఇంటికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1,000 రూపాయలిచ్చింది. పొదుపు చేయగలిగిన వాళ్ల దగ్గర ఆపి, తిండికి ఖర్చుపెట్టే వాళ్లకు ఇవ్వడం మాంద్యంలో చేయాల్సిన పనే. కానీ 50 శాతం అనే ఆ గంపగుత్త గీత కింద జూనియర్ అసిస్టెంటు, రిటైరైన టీచరు, డిప్యూటీ కలెక్టరు అందరూ ఒకే గాటన పడ్డారు. రిటైరైన టీచరు పింఛను చాలా ఇళ్లలో ఉద్యోగం పోయిన కొడుకు కుటుంబాన్ని కూడా పోషిస్తుంటుంది. అక్కడ కోస్తే అది పొదుపులోంచి కాదు, కూరగాయల్లోంచి, మందుల్లోంచి పోతుంది.

అప్పు చేస్తే తర్వాత సంగతి

అందుకే మాంద్యం మొదటి ఏడాదిలో పన్నూ వద్దు, కోతా వద్దు, అప్పు చేయాలన్నదే నా మాట. ఆ అప్పు కేంద్రమే చేయాలి. దానికి రాష్ట్రాల కంటే తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది, వెనక రిజర్వు బ్యాంకు ఉంటుంది. అయితే అప్పు దారికీ ముల్లు ఉంది, దాన్ని దాచకూడదు. 2008లో ప్రపంచ సంక్షోభం వచ్చినప్పుడు కేంద్రం ఎక్సైజ్ పన్నును 14 శాతం నుంచి రెండు విడతల్లో 8 శాతానికి తగ్గించింది. ఆరో వేతన సంఘం జీతాలు, రైతు రుణమాఫీ కూడా అదే సమయానికి కలిసొచ్చాయి. కేంద్రం లోటు 2007-08లో జీడీపీలో 2.5 శాతం ఉన్నది మరుసటి ఏడాదికి 6 శాతం అయింది. ఆర్థిక వ్యవస్థ త్వరగా లేచి నిలబడింది. కానీ లేచాక కూడా ఆ ఖర్చును, పన్ను తగ్గింపును సకాలంలో వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ధరలు మండాయి, 2013లో రూపాయి కుదేలైంది. పన్నులు పెంచాల్సింది, వృథా ఖర్చు కోయాల్సింది బాగున్న రోజుల్లోనే. అప్పుడే ఎవరికీ మనసొప్పదు.

2020లో ఉపాధి హామీకి అదనంగా 40 వేల కోట్లు ఇవ్వడం మాత్రం సరైన చోట పెట్టిన అప్పు. నగరాల నుంచి నడిచి ఊళ్లకు చేరిన వాళ్లకు అదే ఆసరా అయింది, ఆ ఏడాది దేశమంతా 380 కోట్లకు పైగా పనిదినాలు నడిచాయి. అక్టోబరులో రాష్ట్రాలకు 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేకుండా 12 వేల కోట్లు పెట్టుబడి వ్యయానికి ఇవ్వడం కూడా మంచి ఆలోచనే, మొత్తం చిన్నదైనా. రూపాయికి 2 రూపాయల 45 పైసలు తెచ్చే ఖర్చు అదే కదా.

ఇప్పుడు అడగాల్సింది ఒకటుంది. ఏ త్రైమాసికంలోనైనా వృద్ధి రేటు అంతకు ముందు నాలుగు త్రైమాసికాల సగటు కంటే 3 శాతం పాయింట్లు పడిపోతే, లోటు హద్దును జీడీపీలో అర శాతం వరకు దాటొచ్చని లోటుకు హద్దు పెట్టే తన ద్రవ్య బాధ్యత చట్టంలో కేంద్రం 2018లో రాసుకుంది. నిర్మాణాత్మక సంస్కరణల పేరుతో అదే చట్టంలోని సడలింపును 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో వాడుకుంది కూడా, అప్పటికి మన దగ్గర కరోనా లాక్‌డౌన్ లేదు, కంపెనీల పన్ను తగ్గింపు ఉంది. రాష్ట్రాలు తమ చట్టాల్లో ఏం రాసుకున్నా 293వ అధికరణం కింద అనుమతి కోసం ఎదురుచూడాల్సిందే. జీఎస్టీ పరిహారం హామీ 2022 జూన్‌తో ముగిసిపోయింది. కేంద్రానికి ఉన్న ఆ సడలింపు వీధి చివర ఆసుపత్రి, బడి, రేషన్ షాపు నడిపే రాష్ట్రాలకు కూడా అదే కొలతతో, షరతులు లేకుండా, వృద్ధి పడిపోయిన త్రైమాసికంలోనే దానంతటదే వర్తించేలా చట్టం మార్చాలి. మన ఎంపీలు, ఏ పార్టీ వాళ్లైనా, పార్లమెంటులో కలిసి పట్టుబట్టాల్సిన విషయం ఇది.